ఏటివైపు తెప్ప

ఎండబెట్టిన సముద్రపు నాచు సంచి మూతి విప్పితే ముందు ఉప్పు వాసన వస్తుంది. ఆ వెనక తడిసి ఆరిన కొబ్బరిపీచు వాసన. సంచి సగం గుమ్మరించేశాక, పచ్చి చింతకాయ కొరికినట్టు పళ్ళ వెనక జివ్వుమనేది ఇంకొకటి వస్తుంది. దానికి నాకు పేరు తెలీదు. రాజోలు బజారులో మా తాళ్ళ కొట్టు వెనక గదిలో ఇవాళ పొద్దున్న అలాంటి సంచులు పద్దెనిమిది దించుకున్నాం. మూడో సంచి దగ్గర ఆ పేరు తెలియని వాసన తగిలేసరికి పనివాళ్ళ ముందు నా గొప్ప ఒకటి చెప్పుకోవాలనిపించింది. "ఈ గోదావరి జిల్లాల్లో సరుకు అమ్మినవాళ్ళున్నారు, కొట్టు అమ్మినవాళ్ళున్నారు. పండిన పంటని విత్తనంతో సహా, ఒక్క ముక్క మిగల్చకుండా, సంతోషంగా చేతులు దులుపుకుని అమ్మేసిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణేరా. అదీ మంచి ధరకి!" అన్నాను. వాళ్ళు నవ్వారు. జీతం ఇచ్చేవాడు చెప్తే ఎలాగూ నవ్వుతారు.

మంగాయమ్మగారు ఉండి ఉంటే నవ్వేవారు కాదు. తల ఊపి, "ఆయ్, నిజమేనండి" అనేవారు. తిట్టిన తిట్టుకి బదులు చెప్పొచ్చు. ఆ "ఆయ్"కి చెప్పలేం. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడని ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మొదట్నుంచీ చెప్తాను.

వైనతేయ పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, సరుగుడు తోటల వెనక, ఒక చిన్న పాలెం ఉంది. ఆవిడది ఆ ఊరు. ముప్ఫై ఏళ్ళు నెత్తిమీద చేపల గంపతో రాజోలు వీధులన్నీ తిరిగారు. "పండుగొప్పలో, కొయ్యింగలో!" అని కేక వేస్తే రెండు వీధుల అవతల పిల్లులు కదిలేవి. మా వీధిలోకి వచ్చేసరికి మాత్రం కేక ఆపేసేవారు. మావి చేప గడప తొక్కని ఇళ్ళని ఆవిడకి తెలుసు. గంప మీద తడిగుడ్డ సర్దుకుని, గబగబా నడిచి, వీధి దాటాక మళ్ళీ అందుకునేవారు. ఎవరూ ఆపమని చెప్పలేదు. అది ఆవిడ మర్యాద. అందుకని చిన్నప్పట్నుంచీ రోజూ కళ్ళతో చూసిన ఆ మనిషితో నేను మొదటిసారి మాట్లాడింది నాకు ముప్ఫై అయిదేళ్ళు వచ్చాక.

మా నాన్నది తాళ్ళ వ్యాపారం. కొబ్బరితాడు, నైలాన్ తాడు, వలదారం, బరకాలు. నాకు నడకా మాటా రెండూ గల్లాపెట్టె పక్కనే వచ్చాయి. వచ్చినవాడి చెప్పులు చూసి ధర చెప్పడం, చెప్పాక వాడి మొహం చూసి మార్చడం, మార్చి కూడా నష్టపోయినట్టు గుండె మీద చెయ్యేసుకోవడం, ఇవన్నీ పదేళ్ళకే పట్టుబడ్డాయి. అలాంటి నా దగ్గరికి ఆవిడ ఒకరోజు గంప లేకుండా వచ్చి, సన్నటి నైలాన్ తాడు నలభై చుట్టలు కావాలన్నారు. కాళ్ళవైపు చూశాను. చెప్పుల్లేవు. అయినా నలభై చుట్టలు. నోటికొచ్చిన ధర చెప్పి, ఆవిడ సగానికి అడుగుతారని గుండె మీద చెయ్యి సిద్ధం చేసుకున్నాను.

"ఆయ్," అని మెట్టు మీద కూర్చున్నారు.

"తీసుకుంటారా మరి?"

"ఆలోచించుకుంటానండి. మీ పని మీరు చూసుకోండి అబ్బాయిగారూ."

కాసేపటికి ఓ పడవ యజమాని వచ్చాడు. అదే తాడు చూస్తున్నాడు. మంగాయమ్మగారు ఎంతో అభిమానంగా, "మంచి తాడేనండి. అబ్బాయిగారు చుట్ట ఇంతకి చెప్పేరు, పాపం" అన్నారు. వారం క్రితం అతనికి నేను చెప్పిన ధర ఇంతకంటే బాగా తక్కువ. అతను నా వైపు చూశాడు. తర్వాత ఇంకొకరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొకరు. అందరికీ అదే మాట, చివర ఆ "పాపం"తో సహా. ఆవిడ ఒక్కసారి కూడా తగ్గించమనలేదు. మధ్యాహ్నానికి నేనే మూడుసార్లు తగ్గాను. "ఇంతకన్నా దిగితే మా నాన్న నన్ను కొట్లోంచి తరిమేస్తారండీ" అన్నాను చివరికి. "పెద్ద సెట్టిగారు మంచోరండి, అలా చెయ్యరు" అని కొంగుముడి విప్పారు. నాతో నేనే బేరమాడుకుని ఓడిపోయింది జీవితంలో ఆ ఒక్కరోజే.

అంత తాడు ఎందుకని అడిగితే నాచు కట్టడానికి అన్నారు. నాకు తెలిసిన నాచు కాలు జారి పడేదొక్కటే. ఇది వేరట. ఎర్రటి కొమ్మలుండే సముద్రపు మొక్క. వెదురుతో తెప్ప కట్టి, దానికి తాళ్ళు బిగించి, తాళ్ళ పొడుగునా ఈ మొక్క ముక్కలు కట్టి నీళ్ళ మీద వదిలితే నలభై అయిదు రోజుల్లో ఒక్కొక్క ముక్కా గుత్తి అవుతుంది. ఎరువు వెయ్యక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు, దున్నక్కర్లేదు. ఎండబెట్టి అమ్మితే ఐస్‌క్రీముల్లోకీ పళ్ళ పేస్టుల్లోకీ చిక్కదనానికి వాడతారు. మత్స్యశాఖ వాళ్ళు వచ్చి పాలెంలో పన్నెండుమంది ఆడవాళ్ళకి పని నేర్పించి, మొదటి విత్తనం తమిళనాడు నుంచి తెప్పించి ఇచ్చారట. ఒడ్డున దొరికే చేప తగ్గిపోయి, మగవాళ్ళు పెద్ద బోట్ల మీద నెలలకి నెలలు వెళ్ళిపోతున్న రోజులు. ఇల్లు విడవకుండా చేసుకోగల పని ఇదొక్కటే కనబడిందన్నారు.

"కట్టేది మేం కడతాం, పెంచేది మేం పెంచుతాం. అమ్మడం మాత్రం మీరు చూడాలండి. చేపని అమ్మడం నాకొచ్చు. దీన్ని కొనేవోళ్ళు ఏ బాష మాట్లాడతారో నాకు తెలవదు." నేను ముక్కు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళడం చూసి, "మీరు ముట్టుకోవచ్చండి. శాకాహారమే" అన్నారు.

అలా నేను పాలెం వాళ్ళ బేరగాణ్ణయ్యాను. నెలకి రెండుసార్లు మోటారుసైకిలు మీద వెళ్ళి, ప్యాంటు మడిచి, చీలమండలు తడవనంత దూరంలో నిలబడి పర్యవేక్షించేవాణ్ణి. మంగాయమ్మగారు తెల్లవారగానే నడుంలోతు నీళ్ళలోకి దిగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవారు. అక్కడ వైనతేయ తీపీ సముద్రం ఉప్పూ కలిసి ఉంటాయి. పోటుకి ఒకలా, పాటుకి ఒకలా. తీపి ఎక్కువైతే మొక్క తెల్లబడి జావైపోతుంది. ఆ నాలుక చెప్పినదాన్ని బట్టి తెప్పలని ముందుకో వెనక్కో జరిపేవారు. అందుకోసం ముప్ఫై ఏళ్ళ కిళ్ళీ మానేశారు. "సున్నం తగిలిన నాలిక్కి ఉప్పు సరిగ్గా తెలవదండి" అన్నారు. నేను మూడు రోజులు బేరమాడి, నీటిలో ఉప్పు చూసే గాజు పరికరం ఒకటి కొనుక్కొచ్చాను. నాలుకకీ దానికీ పోటీ పెడదామని నా సరదా. ఆవిడ చెప్పిందీ గాజులో గీత చూపించిందీ ఒకటే అయింది. ఆవిడ చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. పరికరం తీసి నూకరత్నం చేతిలో పెట్టారు. నూకరత్నం ఆ పన్నెండుమందిలో ఒకావిడ, అందరికంటే చిన్నది. "ఇది నువ్వుంచుకో. రేపు నేను లేకపోతే మీకు నాలిక ఎవరు అరువిస్తారు?" అన్నారు. ఒంట్లో రక్తపోటు ఉంది, ఉప్పు మానమని డాక్టరు చెప్పాడని కూడా అప్పుడే చెప్పారు. "కూరలో మానేసేను. సముద్రంలో మాననని చెప్పేనండి."

మా మొగలో నాచుకి అసలు గండం వరదనీరు. ఏటా జులై వచ్చేసరికి గోదావరి ఎర్రబడి దిగుతుంది. ఆ నీరు తగిలితే తెప్పల మీద ఉన్నదంతా పోయినట్టే. ముందే పంట కోసెయ్యాలి. మళ్ళీ దీపావళి వెళ్ళాక నీళ్ళు తేరుకుని ఉప్పెక్కేదాకా మొగలో ఏదీ కట్టడానికి లేదు. ఈ నాచుకి గింజ ఉండదు. లేతకొసలే విత్తనం. ఆ నాలుగు నెలలూ కొసలని వలసంచుల్లో కట్టి, బోరు ఉప్పునీళ్ళు నింపిన ఒక రొయ్యల చెరువులో, ఆ రైతు వదిలిన మూలలో బతికించుకోవాలి. నీరు ఎప్పుడు ఎర్రబడుతుందో తెలుసుకోవడానికి ఆవిడకి ఆవిడ ఏర్పాటుంది. పి.గన్నవరంలో, కాలువని ఏటి మీదుగా దాటించే అక్విడెక్టు వంతెన పక్కనే, మేనకోడలుంది. జూన్ చివర్నుంచి రోజూ పొద్దున్నే ఆ పిల్లకి ఫోను. "అక్విడెక్టు మీదికెళ్ళి చూసి చెప్పవే. నీళ్ళు టీ రంగా, పాలటీ రంగా?" టీ అంటే ఇంకా టైముంది. పాలటీ అంటే మనకి రెండు పోట్లు మాత్రమే మిగిలాయని లెక్క.

మొదటి ఏడాది ఎర్రనీరు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. ఏటివైపు చివర్న ఉన్న తెప్ప మీద మొక్కలన్నీ తెల్లబడ్డాయి, అక్కడక్కడ నాలుగైదు గుత్తులు తప్ప. పొట్టిగా, నల్లగా, ముడుచుకుపోయి ఉన్నాయవి. సముద్రంవైపు తెప్పల మీద బలిసిన గుత్తులు ఎన్నో ఉండగా, ఆవిడ విత్తనానికి ఆ పొట్టివాటి కొసలే కోశారు.

"మంచివి వదిలేసి ఈ బక్కవి ఎందుకండీ?" అన్నాను.

"ఇవి తియ్యనీళ్ళు తాగి కూడా చావలేదండి. వీటి కడుపున పుట్టినవి ఊరికే చస్తాయా?"

మర్నాడు ఆ విత్తనంలోనే కొంత పడవెక్కించి అవతలి గట్టున కొత్తగా మొదలుపెట్టిన ఆడవాళ్ళకి ఇచ్చారు. వాళ్ళ పెద్ద సువార్తమ్మగారు, రిటైరైన అంగన్‌వాడీ టీచరు. పక్కకొట్టుకి మనమే సరుకు పంపడమేమిటని నేను గోల చేశాను. "ఊరికే ఇవ్వలేదండి, పాలికిచ్చేను" అన్నారు. మా వైపు గేదెదూడనో మేకపిల్లనో పెంచుకోమని పాలికి ఇస్తారు. పెంచినవాళ్ళకి సగం, ఇచ్చినవాళ్ళకి సగం. నాచుని పాలికివ్వడం నేనెక్కడా వినలేదు. "ఇదేమైనా ఈనుతుందా?" అని వెటకారమాడాను.

"ఈనదా మరి? గేదె ఏడాదికోసారి. ఇది నలభై అయిదు రోజులకోసారి," అన్నారు మంగాయమ్మగారు.

ఇంక నా ఘనకార్యానికి వస్తాను. రెండో ఏడాది నలభై తెప్పలూ నిండుగా ఉన్నాయి. జులై మొదటివారంలో మంగాయమ్మగారు కంటిలో శుక్లం తీయించుకోవడానికి అమలాపురం ఆసుపత్రిలో చేరారు. వెళ్ళేముందు, "గన్నవరం పిల్ల ఫోను మీకు చేస్తది. పాలటీ అంటే కోయించెయ్యండి. ఏటివైపు తెప్ప కొసలు చెరువులో వేయించండి" అని అప్పగించారు. మూడోనాడే ఫోనొచ్చింది. పాలటీ. పన్నెండుమందీ సాయంత్రానికల్లా మొత్తం కోసి గట్టు మీద పోశారు. ఎండబెట్టే వ్యవధి లేదు. అదృష్టం నాదన్నట్టు, పచ్చి నాచు పిండి పైర్లకి చల్లే మందు చేసే కంపెనీ మనిషి లారీతో సిద్ధంగా ఉన్నాడు. ధర దగ్గర అరగంట పట్టింది. అతనికి లేతకొసలంటే మోజు. అందులోనే రసం ఎక్కువట. "కొసలతో సహా మొత్తం ఇచ్చేస్తే కిలోకి రూపాయి పెంచుతాను" అన్నాడు. నేను గుండె మీద చెయ్యేసుకున్నాను. రెండు చేశాడు.

నూకరత్నం అడ్డొచ్చింది. "అమ్మ ఏటివైపువి పక్కన పెట్టమన్నారండి."

"ఎదుగూ బొదుగూ లేనివి నూకరత్నం అవి. వాటికీ ఇవాళ ధర పలుకుతోంది. విత్తనానికేం, తమిళనాడులో కావలసినంత ఉంది, ఇంతకంటే చవగ్గా. రెండ్రోజుల్లో రైల్లో దిగుతుంది."

"ఏమోనండి. చదువుకున్నోరు మీరు," అంది. చేతిలో ఉన్న కొసల బుట్ట లారీవాడికి ఇవ్వలేదు. కిందపెట్టి పక్కకి తప్పుకుంది. ఆ బుట్ట నేనే ఎత్తి ఇచ్చాను.

సరుకంతా అమ్ముడుపోయి ఖాళీ అయిన అర చూస్తే మా వంశంలో అందరికీ ఒకటే ఆనందం. ఆ ఆనందంతోనే మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. ధర చెప్పాను. రెండు రూపాయల ముచ్చట కొంచెం సాగదీసి చెప్పాను. అంతా విని, "బాగా అమ్మేరండి. కొసలు చెరువులో ఏ మూల వేసేరు?" అన్నారు.

చెప్పాను. చెప్తూ ఉండగానే నా గొంతు నాకే తేడాగా వినబడింది.

 ఆవిడ నెమ్మదిగా, "మరి దీపాలెల్లేక తాళ్ళకి ఏం కడదామండి? నోట్లు కడదామా?" అన్నారు. పక్క మంచం మీది ఆవిడ హాస్యమనుకుని నవ్వింది.

అదే విత్తనం అక్కడినుంచే తెప్పిస్తానని చెప్పబోయాను. "మొదట్లో వచ్చిందీ అదేనండి. అందులో ఎంత చచ్చిందో మీరు చూళ్ళేదు. బతికినదాన్ని రెండేళ్ళు ఏరేను" అన్నారు. అయినా నేను వినలేదు. నా ఖర్చుతో థర్మోకోల్ పెట్టెల్లో విత్తనం తెప్పించి చెరువులో వేయించాను. రోజూ వెళ్ళి చూశాను. నాలుగోరోజుకి కొసలు తెల్లబడ్డాయి. పదోరోజుకి సంచి ఎత్తితే జావ కారింది.  పాలెంలో పన్నెండు ఇళ్ళు దీపావళి తర్వాత దేని మీద బతుకుతాయో ఆ చెరువుగట్టు మీద నిలబడి మొదటిసారి ఆలోచించాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన రెండు వారాలకి మంగాయమ్మగారు నల్ల కళ్ళజోడుతో కొట్టు ముందు ఆటో దిగారు. దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పాడు కదా అంటే, "ఏట్లో దుమ్ముండదండి. అవతలి గట్టుకెళ్ళాలి, పడవ మాట్లాడండి" అన్నారు. మొగ దగ్గర నీరంతా ఎర్రగా, వేగంగా ఉంది. దుంగలూ గుర్రపుడెక్కా కొట్టుకొస్తున్నాయి. నాకు ఈత రాదు. ఆవిడ పడవ మధ్యలో కూర్చుని, కొంగుతో కళ్ళజోడు పట్టుకుని, పడవవాడికి తోవ చెప్పారు. ఒక కన్ను మసక, రెండోది కట్టు విప్పి రెండు వారాలు. నేను పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, అవతల ఎలా మాట్లాడాలో లెక్కలేసుకున్నాను. పాలికిచ్చింది మనం. సగం మన హక్కు. సాక్షులున్నారు. ఒక్క కిలో కూడా వదలకూడదు.

సువార్తమ్మగారు ఎదురొచ్చి, "వందనాలు వదినా, ఈ నీళ్ళలో ఏం సాహసం!" అని చెయ్యి పట్టుకుని దించారు. విషయం నేను చెప్పాల్సి వచ్చింది. ఆవిడ విని చెరువు దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. పది వలసంచులు. "మీ పాలు మీదే వదినా, కాదన్ను. కానీ ఈ ఏడు మాకూ సగం పోయింది. ఇందులో సగం తీసేస్తే మావాళ్ళు కొందరు ఈసారి ఊరికే కూర్చోవాల్సొస్తది."

"మాట మాటేనండి సువార్తమ్మగారూ..." అని నేను మొదలుపెట్టాను.

"అబ్బాయిగారూ," అన్నారు మంగాయమ్మగారు. "మీరు గొడుగు పట్టుకోండి."

గొడుగు పట్టుకున్నాను. ఆవిడ గట్టు మీద చతికిలబడి, "రెండు సంచులు చాలమ్మా నాకు. మిగతాది మీరు నిలదొక్కుకున్నాక చూద్దాం. ఏరుకోనిస్తావా?" అన్నారు. సువార్తమ్మగారి మొహం వికసించింది. పది సంచులూ తెప్పించి ముందు పోయించారు. మంగాయమ్మగారు కళ్ళతో పనిలేకుండా, ఒక్కొక్క కొమ్మా రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కారు. చిటుక్కున విరిగేది ఇటు, వంగేది అటు. రెండు గంటలు పట్టింది. సగంలో ఉండగా సువార్తమ్మగారు నడుం మీద చెయ్యేసుకుని పెద్దగా నవ్వారు. "చూసేరా సెట్టిగారూ! సగం వద్దని దానం చేసినట్టు చేసి, మేలైనవన్నీ ఏరుకుపోతంది మా వదిన. పైగా నల్లకళ్ళజోడొకటి!"

"ఆయ్. నీకు ఎనిమిది సంచులు వదిలేను కదమ్మా," అన్నారు మంగాయమ్మగారు, ఏరడం ఆపకుండా.

తిరుగు పడవలో నేను, జరిగిన నష్టం నేను భరిస్తానని చెప్పాను. నిజంగానే అన్నాను. కానీ ఎంత భరించాలో అప్పటికే మనసులో కొంత తగ్గించుకుని అన్నాను. ఆవిడకి అర్థమైపోయింది. "డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. దీపాలెల్లేక మీరు నీళ్ళలోకి దిగండి. రెండు సంచుల్ని నలభై తెప్పలు చెయ్యాలి. చేతులు చాలవు."

దిగాను. మా నాన్న చూసి, తాళ్ళు అమ్మేవాడు తాళ్ళు కట్టడమేమిట్రా అన్నారు. మొదటివారం నేను కట్టిన ముక్కలన్నీ మెడ తెగి పడిపోయాయి. కొట్లో మూటలు కట్టిన చెయ్యి కదా, గట్టిగా బిగించేవాణ్ణి. "అది దొంగ కాదండి అబ్బాయిగారూ, అలా కట్టెయ్యకండి. వేలు దూరేంత వదలండి. ఊపిరి పీల్చుకోవాలి, కదలాలి, లావెక్కాలి." నవంబరులో నాలుగు తెప్పలు కట్టాం. నలభై అయిదు రోజుల తర్వాత కోసి, ఒక్క ముక్క అమ్మకుండా మళ్ళీ కట్టాం. జనవరి, ఫిబ్రవరి, మార్చి. అన్నిసార్లూ ఏటివైపు తెప్పనుంచే. మార్చి చివర్న నలభయ్యో తెప్ప నీళ్ళ మీదికి తోసినరోజు నడుంలోతులో నిలబడి చూస్తే, మొగ పొడుగునా ఎర్రటి చారలు పోటుకి లేచి దిగుతున్నాయి. నేను ఏనాడూ ఒక వస్తువు పెరగడం చూసినవాణ్ణి కాను, చేతులు మారడం చూసినవాణ్ణి. గర్వంగా అనిపించింది. ఆవిడ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "బాగుంది" అన్నారు. ఆ ఒక్క మాట నాకే చెప్పారని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ విత్తనం ఇప్పుడు నాలుగు పాలేల్లో ఉంది. అన్నీ పాలికి వెళ్ళినవే. మత్స్యశాఖ ఆఫీసరుగారొకరు వచ్చి, ఇంత తీపిని ఓర్చుకుంటున్న రకం పేరేమిటని అడిగారు. "పేరేం పెట్టలేదండి. ఏటివైపుది అంటాం" అన్నారు మంగాయమ్మగారు. ఆయన అలాగే రాసుకున్నారు.

ఆవిడ పోయింది కూడా ఎర్రనీటి రోజుల్లోనే. రక్తపోటు ఎక్కువై, రెండ్రోజులు. చిన్నదినం నాడు అందరం ఇంటి ముందు కూర్చుని ఉన్నాం. నూకరత్నం ఉన్నట్టుండి తలెత్తి, "ఇవాళ నీళ్ళు చూసిందెవరు?" అంది. గన్నవరం మేనకోడలు ఏడుస్తూ మా మధ్యనే ఉంది.  మా కొట్టుకి సరుకు తెచ్చే లారీ ఆ పూట గన్నవరం మీదనుంచి రావాలి. డ్రైవరుకి ఫోన్ చేశాను. "అక్విడెక్టు మీద ఆపి చూడు. నీళ్ళు టీ రంగా, పాలటీ రంగా?" అతను, "మీకు టీ ఎవరైనా ఇచ్చేరా లేదా సెట్టిగారూ?" అన్నాడు. తర్వాత చూసి చెప్పాడు. పాలటీ. పన్నెండుమందీ చీర కుచ్చెళ్ళు దోపుకుని లేచారు. ఆ సాయంత్రం తూకం రాకముందే, లారీ రాకముందే, ఏటివైపు తెప్ప కొసలు చెరువులో ఉన్నాయి. ఆ సంచులు మోసినవాళ్ళలో నేనొకణ్ణి.

ఇప్పుడు బిల్లు. నా ఘనకార్యం ఖరీదు నేను చాలా ఏళ్ళు నాకు వీలుగా వేసుకున్నాను. తెప్పించి చెడగొట్టుకున్న విత్తనం ఖర్చు నాదే కదా అని ఒక తరుగు, తర్వాతి ఏడాది పంట రెట్టింపు వచ్చింది కదా అని ఇంకో తరుగు. ఈమధ్య నూకరత్నాన్ని సూటిగా అడిగాను, ఆ ఏడాది మీకు ఎంతయిందో చెప్పమని. ఇప్పుడు ఆ పన్నెండుమందికీ పెద్ద నూకరత్నమే. చెప్పింది. ఒక పంటకాలమంతా ఎవరికీ చిల్లిగవ్వ రాలేదు. అయిదుగురు రొయ్యల షెడ్డుకి వెళ్ళారు, అందులో తనొకత్తె. నాలుగు నెలలు తెల్లవారుజామున వ్యాను ఎక్కి, ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీశారు. నూకరత్నం కుడిచేతి మధ్యవేలు ఇప్పటికీ పొద్దున్నపూట వంగదు. నేనా రోజు లారీ దగ్గర గెలిచింది కిలోకి రెండు రూపాయలు, మొత్తం మీద ఎనిమిది వేలకి కాస్త తక్కువ. "నేను కూడా నాలుగు నెలలు నీళ్ళలో దిగాను కదా నూకరత్నం, అది ఇందులోంచి తీసెయ్యొచ్చా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను, పుట్టుక అలాంటిది.

"అది మీరు పని నేర్చుకున్న ఫీజండి. అది మీదే," అంది.

తీసెయ్యలేదు. నాలుగు నెలలు, అయిదుగురు, ఒక వేలు. అంతా నా పేరునే ఉంది. ఇంకోసారి తగ్గించమని అడగలేదు.